గోలు వెనక కదలకమ్మ

బస్టాండు ఎదురు వీధిలో ఫొటో స్టూడియో నడిపే ఆవిడను ఆ చుట్టుపక్కల అందరూ కదలకమ్మ అంటారు. అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. "గడ్డం కొంచెం దించండి. భుజం ఇటు తిప్పండి. ఆఁ, అంతే. ఇక కదలకండి" అని రోజుకు ఎన్నిసార్లు అంటుందో ఆవిడకే తెలియదు. అది మావగారు పెట్టిన స్టూడియో. ఆయన పోయాక కెమెరా ఈవిడ చేతికీ, కంప్యూటరూ ప్రింటింగు మిషనూ ఈవిడ భర్త చేతికీ వచ్చాయి. పాస్‌పోర్టు ఫొటోలు, బడిపిల్లల గుర్తింపు కార్డులు, ఉద్యోగం నుంచి రిటైరవుతున్న వాళ్ళ గ్రూపు ఫొటోలు, ఇదే పని. ఆవిడ లెన్సు ముందుకు వచ్చినవాళ్ళంతా బుద్ధిగా కూర్చున్నవాళ్ళే. పసివాళ్ళు కాస్త గునిసినా తల్లో తండ్రో గట్టిగా పట్టుకునేవాళ్ళు.

అలాంటావిడ దగ్గరికి ఒక శనివారం పొద్దున, ఊళ్ళో వెలువడే దినపత్రిక ఎడిటరు రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, మీరే నన్ను గట్టెక్కించాలి. మా ఫొటోగ్రాఫరు కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇవాళ మధ్యాహ్నం ఆడపిల్లల ఫుట్‌బాల్ ఫైనలు."

"అయ్యో, రేసుగుర్రమా! ఎలా?"

ఆ ఫొటోగ్రాఫర్ని అందరూ అలాగే అంటారు. నిప్పంటుకుందన్నా, గొడవైందన్నా, ఆటన్నా అందరికన్నా ముందు పరిగెత్తేవాడు. అన్నేళ్ళు అంత పరిగెత్తినా ఏమీ కాని మనిషి, సొంత ఇంటి మెట్ల మీద బట్టల బకెట్టు పట్టుకుని జారిపడ్డాడట.

"నేనెప్పుడూ కదిలేవాటిని తీయలేదండీ. నా దగ్గరికొచ్చేవాళ్ళు కుర్చీలో కూర్చుంటారు," అంది కదలకమ్మ.

"గుడ్డికన్నా మెల్ల మేలు కదమ్మా," అనేశాడు ఎడిటరు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. "అంటే, నా ఉద్దేశం..."

"అర్థమైందిలెండి."

లోపల ప్రింటింగు మిషను దగ్గర్నుంచి భర్త గొంతు వినపడింది. "వెళ్ళు, వెళ్ళు. రెండు జట్లనూ వరసగా నిలబెట్టి, పొడుగువాళ్ళు వెనక్కి వెళ్ళండి అంటే సరి. పనైపోతుంది."

వద్దందామనే అనుకుంది ఆవిడ. కానీ ఆ ఫైనల్లో ఆవిడ తమ్ముడి కూతురు ఆడుతోంది. ఊరి జట్టుకు గోల్‌కీపరు. మనిషి తాటిచెట్టంత పొడుగని ఇంట్లో అందరూ ఆ పిల్లను నిచ్చెన అంటారు. మ్యాచికి ఎలాగూ వెళ్ళేదే. అదీగాక, పత్రికలో ఆటల పేజీ చూసినప్పుడల్లా, గాల్లో తేలుతున్న మనుషుల్ని చూసి, "ఇది ఎలా పట్టాడబ్బా" అని కదలకమ్మ లోలోపల అనుకోని రోజు లేదు. ఆ సంగతి మొగుడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"సరే, ప్రయత్నిస్తాను. బాగా రాకపోతే నన్ననకూడదు," అంది.

మధ్యాహ్నానికి ముందే రేసుగుర్రం ఇంటికి వెళ్ళింది. అతను మంచం మీద, కట్టు కట్టిన కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని, ముఖం మాడ్చుకుని ఉన్నాడు. తన పొడుగు లెన్సు పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు, పిల్లను అత్తారింటికి పంపేవాడిలా.

"అక్కా, దీన్ని ఒంటికాలి స్టాండు మీదే పెట్టండి, చేత్తో మొయ్యలేరు. షట్టరు వేగం బాగా పెంచండి. మీ స్టూడియోలో పెట్టినట్టు పెడితే మనుషుల బదులు పొగ వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, బంతి వెనక పడకండి. ఒక గోలు వెనక, మూలగా, నేల మీద కూర్చోండి. ఆడేవాళ్ళే మీ మీదికి వస్తారు. వచ్చేవాళ్ళ మొహాలు కావాలి మనకు. వెళ్ళేవాళ్ళ వీపులెవడిక్కావాలి?"

"మరి గోలు రెండో వైపు పడితే?"

"పడితే పడిందనుకుని ఊరుకోవాలి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టారంటే నాలాగే మంచాన పడతారు."

మైదానంలో పొద్దున పడ్డ చినుకులకు గడ్డి ఇంకా తడిగానే ఉంది. కదలకమ్మ ఒక ప్లాస్టిక్ సంచి పరుచుకుని, ఎదుటి జట్టు గోలుకు పక్కగా కూర్చుంది. ఊరి జట్టు మొదటి సగంలో అటే దాడి చేస్తుంది కాబట్టి మన పిల్లల మొహాలే వస్తాయని ఆవిడ లెక్క. నిచ్చెన ఎక్కడో మైదానం అవతలి చివర, అగ్గిపుల్లంత కనపడుతోంది. గ్యాలరీలో తమ్ముడూ, మరదలూ కూర్చుని ఉన్నారు. మరదలు చెయ్యి ఊపితే కదలకమ్మ కూడా ఊపింది. ఇంకా ఆట మొదలు కాలేదు కాబట్టి ఆ మాత్రం తీరిక ఉంది.

ఈల మోగింది. పొడుగు లెన్సులోంచి చూస్తే మైదానమంతా ఒక కిటికీ అంత అయిపోయింది. అందులోకి ఒక మోచెయ్యి వచ్చేది, ఒక జడ వచ్చేది, పోయేది. బంతి ఎటు పోయిందో తెలిసేలోపు జనం అరిచేవాళ్ళు. ఆ అరుపు విని అటు తిప్పేసరికి అక్కడ గడ్డి తప్ప ఏమీ ఉండేది కాదు. అలవాటు కొద్దీ రెండుసార్లు "కదల..." అని నోటి దాకా వచ్చి ఆగింది. ఇంకాస్త బాగా కనపడుతుందని ముందుకు జరిగితే, జెండా పట్టుకున్న లైన్ రెఫరీ "అమ్మా, గీత మీద కూర్చున్నారు, వెనక్కి, వెనక్కి!" అని గ్యాలరీ మొత్తానికీ వినపడేలా అరిచింది. ఒకసారి బంతి నేరుగా వచ్చి స్టాండుకు తగిలింది. లెన్సుకేమీ కాలేదని తేలేదాకా కదలకమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. అది అరువు తెచ్చిన వస్తువాయె.

మొదటి సగం అయిపోయింది. ఎవరికీ గోలు రాలేదు. తీసినవి ఒక్కొక్కటీ కెమెరా వెనక తెర మీద చూసుకుంది. బూట్లు. వీపులు. తల లేని గోల్‌కీపరు. బంతి లేని తోపులాట. ఒక దాంట్లో అయితే అన్నిటికన్నా స్పష్టంగా వచ్చింది గ్యాలరీలో ఆవులిస్తున్న ఒక పెద్దమనిషి. పత్రికకు ఈ పెద్దమనిషిని ఇచ్చి ఇదే ఫైనలు అనాలేమో అనుకుంటే ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అప్పుడు కాస్త నింపాదిగా ఆలోచించింది. స్టూడియోలో మనిషి రెప్ప వేసే ముందే తనకు ఎలా తెలుస్తుంది? కళ్ళు చూస్తే తెలియదు. కళ్ళు చూసి నొక్కితే రెప్ప పడిపోయే ఉంటుంది. ముందు భుజం కాస్త సడలుతుంది, ఊపిరి వదులుతారు, ఆ తర్వాత రెప్ప. ఇన్నేళ్ళుగా ఆవిడ నొక్కుతున్నది ఆ భుజాన్ని చూసే. ఇక్కడ ఆట మొదలైనప్పటి నుంచీ బంతిని చూస్తోంది. బంతికి భుజాలుండవు.

రెండో సగానికి జట్లు వైపులు మారాయి. ఊరి జట్టు దాడి చేసే వైపుకు మారదామా అని సగం లేచింది. ఈ బరువు మోసుకుంటూ మైదానం చుట్టూ తిరిగేసరికి ఆట సగం అయిపోతుంది. రెండు పడవల మాట గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. దాంతో నిచ్చెన చేతి తొడుగులు బిగించుకుంటూ సరిగ్గా ఆవిడ కూర్చున్న గోలు దగ్గరికే వచ్చింది. వచ్చి, గోల్ పోస్టు పక్క నుంచి తొంగి చూసింది.

"అత్తా! ఇక్కడున్నావేంటి?"

"నా పని నేను చేసుకుంటున్నా. నీ పని నువ్వు చూసుకో."

"కొంచెం అటు జరుగు, ప్లీజ్. నువ్వు నేల మీద అలా కూర్చుంటే నాకు నవ్వొస్తోంది."

కదలకమ్మ సంచి లాక్కుని రెండు బారలు పక్కకు జరిగింది.

ఈసారి ఆవిడ లెన్సును బంతికి అప్పజెప్పలేదు. వచ్చే పిల్లల్లో ఒకరిని ఎంచుకుని, ఆ పిల్ల భుజాలనే చూస్తూ కూర్చుంది. తన్నబోయే ముందు ఒక భుజం కిందికి దిగుతుంది, రెండో చెయ్యి రెక్కలా విచ్చుకుంటుంది. దిగగానే నొక్కాలి. కాలు చూసి నొక్కితే ఆలస్యమైపోతుంది. మొదట నాలుగైదు పోయాయి. తర్వాత ఒకటి దొరికింది. ఎదుటి జట్టు ఏడో నంబరు పిల్ల, పళ్ళు బిగించి, బూటు నుంచి నీళ్ళు చిమ్ముతూ, బంతి కాలికి అంటుకునే ఉంది. తెర మీద అది చూసుకుని కదలకమ్మ తనకు తెలియకుండానే "ఓయబ్బో" అంది. మళ్ళీ ఒకటి, నిచ్చెన గాల్లోకి లేచి బంతిని పిడికిలితో గుద్దింది. అదీ దొరికింది. వయసు మీదపడ్డ మోకాళ్ళు నొప్పెడుతున్న సంగతి కూడా మర్చిపోయింది.

ఆట చివరికొచ్చింది. ఇంకా ఎవరికీ గోలు లేదు. అప్పుడు ఆ ఏడో నంబరు పిల్లే దూరం నుంచి ఒక బంతి తన్నింది. పెద్ద గట్టిదేం కాదు. కాలికి సరిగ్గా తగల్లేదు కూడా. నేల మీద దొర్లుకుంటూ, నీరసంగా, నేరుగా నిచ్చెన దగ్గరికే వచ్చింది. ఆ పిల్ల వంగి రెండు చేతులూ చాచింది. గ్యాలరీలో జనం అప్పుడే ఊపిరి వదిలేశారు కూడా.

తడిసిన బంతి చేతుల్లోంచి జారి, కాళ్ళ మధ్య నుంచి గీత దాటింది.

కదలకమ్మ వేలు షట్టరు మీదే ఉంది. నొక్కాలా వద్దా అనుకోలేదు. బంతి దొర్లుతున్నప్పటి నుంచే టకటకా వరసగా నొక్కుకుపోయింది. నిచ్చెన మోకాళ్ళ మీద పడిపోయింది, లేచింది, పోస్టుకు వీపు ఆనించి కూర్చుంది, మొహం తొడుగుల్లో దాచుకుంది. వేలు నొక్కుతూనే ఉంది. అవతల ఎదుటి జట్టు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తున్నారు. లెన్సు అటు తిప్పి వాళ్ళనూ తీసింది. ఈల మోగాక కప్పు ఎత్తుతుంటే అదీ తీసింది.

ఇదంతా అయి కెమెరా దించేసరికి మరదలు ఎదురుగా ఉంది. గ్యాలరీ నుంచి ఎప్పుడు దిగి వచ్చిందో ఏమో.

"వదినా, అది అక్కడ కూర్చుని ఏడుస్తుంటే మీరు ఫొటోలు తీస్తున్నారా?"

"అమ్మాయ్, నేను పనిమీద..."

"పరాయివాళ్ళు తీశారంటే సరే. మీకు చేతులెలా వచ్చాయి?"

చేతులెలా వచ్చాయో కదలకమ్మకూ తెలియదు. మరదలు కూతుర్ని భుజం పట్టుకుని తీసుకెళ్ళిపోయింది. నిచ్చెన వెనక్కి తిరిగి చూడలేదు.

పత్రికాఫీసులో ఎడిటరు ఫొటోలన్నీ పెద్ద తెర మీద పెట్టి చూశాడు. మొదటి సగం చకచకా దాటేశాడు. ఆవులించే పెద్దమనిషి దగ్గర ఆగి దగ్గాడు. ఏడో నంబరు పిల్ల దగ్గర "బాగుంది" అన్నాడు. కప్పు ఎత్తిన ఫొటోలో ముందున్న చెయ్యి తప్ప మొహాలన్నీ మసకగా ఉన్నాయి. ఆ తర్వాత ఒక ఫొటో దగ్గర కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

అది బంతి గీత దాటిన క్షణం. నిచ్చెన వంగి ఉంది. చేతులు రెండూ, బంతి ఇంకా వాటిలోనే ఉన్నట్టు, గుండెకు దగ్గరగా ముడుచుకుని ఉన్నాయి. తల మాత్రం వెనక్కి తిరిగింది. బంతి ఆమె కళ్ళ ముందే, లెన్సు వైపు దొర్లుకుంటూ వస్తోంది. బంతి మీది నీటిచుక్కలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఆ మొహంలో ఏడుపు ఇంకా మొదలు కాలేదు. అర్థం కావడం మాత్రం అయిపోయింది.

"అమ్మా," అన్నాడు ఎడిటరు నెమ్మదిగా. "ఆటల పేజీలో ఇదే పైన వేస్తాను. రేసుగుర్రం కూడా ఇలాంటిది తీయలేదు."

"అది మా తమ్ముడి కూతురండీ."

"తెలుసు."

"ఏడో నంబరు అమ్మాయిది వెయ్యండి. గెలిచింది వాళ్ళు కదా."

"అదీ వేస్తాను, కింద. మ్యాచి మొత్తం ఈ ఒక్క ఫొటోలో ఉందమ్మా. మీ మాట కాదని వెయ్యను. కానీ పేజీ కట్టేలోగా ఏ సంగతో చెప్పండి."

మింగలేకా కక్కలేకా అక్కడి నుంచి బయటపడి నేరుగా తమ్ముడింటికి వెళ్ళింది. అప్పటికింకా వెలుతురుంది. తలుపు తమ్ముడు తీశాడు. వంటింట్లోంచి మరదలు తొంగి చూసి, పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు పెరిగింది.

"అక్కా, దాని మీద కోపం తెచ్చుకోకు," అన్నాడు తమ్ముడు పెళ్ళాం వైపు చూపిస్తూ, గొంతు తగ్గించి.

"నాకెందుకు కోపం? న్యాయంగా అయితే నన్ను గుమ్మం బయటే నిలబెట్టాలి. పిల్ల ఏది?"

నిచ్చెన తన గదిలో, మంచం మీద, మోకాలికి ఐసు సంచి పెట్టుకుని గోడ వైపు చూస్తోంది. స్నానం చేసి జడ విప్పుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కదలకమ్మ మంచం చివర కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక కెమెరా తెర మీద ఆ ఫొటో పెట్టి చేతికిచ్చింది.

"పత్రికవాళ్ళు దీన్ని వేస్తామంటున్నారు. నువ్వు వద్దంటే వెయ్యరు. నేను వెయ్యనివ్వను."

ఆ పిల్ల చూసింది. చాలాసేపు చూసింది. బొటనవేలితో పెద్దది చేసి చేతుల దగ్గర ఆగింది, మొహం దగ్గర ఆగింది.

"నా మొహం ఇలా అయిందా?" అంది.

"అయింది."

"దీని ముందువి ఉన్నాయా?"

కదలకమ్మ ఒక్కొక్కటే వెనక్కి జరిపి చూపించింది. బంతి ఇంకా దూరంగా ఉన్న ఫొటో దగ్గర నిచ్చెన చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. చూడు, మోకాలు దించలేదు నేను. కింద నుంచి వచ్చే బంతికి ఒక మోకాలు నేలకు ఆనించాలి, చేతులు తప్పినా కాలికి తగులుతుంది. కోచ్ అరిచి అరిచి చచ్చిపోతుంది ఈ మాట. ఇంత నీరసం బంతికి ఎందుకులే అనుకున్నా." ఐసు సంచి పక్కకు జరిపి అడిగింది.

"అత్తా, నిజం చెప్పు. ఇది నేను కాకుండా ఇంకో అమ్మాయి అయితే? ఇచ్చేదానివా?"

అబద్ధం చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. పిల్ల కూడా నమ్మేదేమో. కానీ కదలకమ్మకు ఆ పత్రికాఫీసు తెర మీద ఆ ఫొటో చూసినప్పుడు, అయ్యో అనుకోవడానికి ఒక అర క్షణం ముందు, ఒళ్ళంతా పాకిన సంతోషం గుర్తుంది.

"ఇచ్చేదాన్ని," అంది. "ఆలోచించకుండా ఇచ్చేదాన్ని."

నిచ్చెన ముక్కు తుడుచుకుంది. "అయితే ఇచ్చెయ్. ఆ ఇంకో అమ్మాయి ఏం పాపం చేసింది?"

"మీ అమ్మ?"

"అమ్మకు నేను చెప్తాను. వినదు. అయినా చెప్తాను."

నిజంగానే వినలేదు. ఆదివారం ఆటల పేజీలో సగం దాకా ఆ ఫొటోనే. మరదలు ఆ పేజీని మడిచి అల్మారా అడుగున పడేసిందని, ఆ తర్వాత తనే తీసి చూసి ఏడ్చిందని తమ్ముడు ఫోనులో చెప్పాడు. స్టూడియోకు వచ్చినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. "ఎంత బాగా పట్టారండీ" అన్నవాళ్ళున్నారు. "సొంత మేనకోడల్ని ఇలా వీధిన పెడతారా" అని ముక్కున వేలేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ కదలకమ్మ ఒకే జవాబు చెప్పింది, "గడ్డం కొంచెం దించండి" అని. రేసుగుర్రం మాత్రం ఫోన్ చేసి, "అక్కా, నా లెన్సు నాకు వెంటనే పంపించెయ్యండి, నా ఉద్యోగం పోయేలా ఉంది," అన్నాడు.

కాలేజీలో నిచ్చెనకు కొత్త పేరు పడింది. వారం తిరక్కుండా స్టూడియోకొచ్చి తనే చెప్పింది.

"జల్లెడ అంటున్నారత్తా నన్ను."

"నా వల్లే కదే."

"గోలు నా వల్ల, పేరు నీ వల్ల. చెరిసగం," అంది ఆ పిల్ల. నవ్వబోయింది గానీ పూర్తిగా రాలేదు. ఆ మోకాలు దించని ఫొటోను ప్రింటు తీయించుకుని వెళ్ళింది. ఎక్కడ పెట్టుకుందో కదలకమ్మ అడగలేదు.

మరదలు మాత్రం నెలల తరబడి మాట్లాడలేదు. ఇంటికి వెళితే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది, కుర్చీ వేసేది, మర్యాదలో లోటు లేదు. మాట ఒక్కటే ఉండేది కాదు. కదలకమ్మ కూడా బలవంతం చెయ్యలేదు. తాను చేసింది తప్పని ఆవిడ అనుకోలేదు. మరదలి కోపం తప్పని కూడా అనుకోలేదు.

రేసుగుర్రం కాలు అతుక్కుంది గానీ మునుపటి పరుగు రాలేదు. ఆటలకు మీరే వెళ్ళండని ఎడిటరు అడిగితే ఈసారి కదలకమ్మ బెట్టు చెయ్యలేదు. కొత్త సీజను మొదటి మ్యాచి నాడు వాన దంచి కొట్టింది. నిచ్చెన గోలు పక్కన ఆవిడ ప్లాస్టిక్ సంచి పరుచుకుని, కెమెరాకు ఒక కవరు చుట్టి, కళ్ళల్లో పడే నీళ్ళు తుడుచుకుంటూ తంటాలు పడుతోంది. ఉన్నట్టుండి నెత్తిన వాన ఆగింది. పైకి చూస్తే పెద్ద నల్ల గొడుగు. దాని కింద మరదలు.

"మీ కోసం కాదు," అంది మరదలు మైదానం వైపే చూస్తూ. "ఆ డబ్బా తడిస్తే మా పిల్ల ఫొటోలు పోతాయి."

"కొంచెం ఎడమకు పట్టమ్మాయ్. అంచు అడ్డమొస్తోంది."

మరదలు ఎడమకు పట్టింది. ఆ రోజు నిచ్చెన రెండు గోల్స్ వదిలింది. రెండోది పడ్డప్పుడు మరదలు గట్టిగా కళ్ళు మూసుకుంది, కదలకమ్మ నొక్కుతూనే ఉంది. ఊరి జట్టు మూడు కొట్టి గెలిచింది. ఆ మూడూ జట్లు వైపులు మారకముందే, అవతలి గోల్లోనే పడ్డాయి. అంత వానలో ఇక్కడి నుంచి వాటి ఫొటో ఒక్కటీ సరిగ్గా రాలేదు.